ఉతికేసిన గోలు

ఇక్కడ కూర్చుందామే, ఈ మెట్టు నయం, గోడ నీడ పడుతోంది. ఆగాగు, ఉత్త సిమెంటు మీద కూలబడకు, నా సంచీలో దుప్పటి ఉంది, పరుచుకో. పాతదేలే, కంగారుపడకు. ఆ... అమ్మయ్య. ఇప్పుడు చెప్పు, మనవాళ్ళది ఏ రంగు? పసుపు చొక్కాలా? ఏమోనమ్మా, ఇక్కణ్ణించి నాకందరూ ఒకే గెలలో అరటిపళ్ళలా ఉన్నారు. ఆ గోలు దగ్గర నిలబడ్డ కుర్రాడు మాత్రం అచ్చం మీ ముత్తాతే. అదే, మా మామయ్య. ఆయనా ఆ గోలు దగ్గరే నిలబడేవాడు. బంతి వస్తుంటే ముందు చేతిగడియారం విప్పి, జేబులో పెట్టుకుని, జేబు మీద ఓసారి తట్టుకుని, అప్పుడు దూకేవాడు. ఈలోగా బంతి లోపలికెళ్ళి కుదురుగా కూర్చునేది. నవ్వు, నవ్వు. ఏంటీ? వలా? ఔనే, ఇప్పుడు నైలాను వలలొచ్చాయి. మా రోజుల్లో దుప్పట్లు కట్టేవాళ్ళం. అలా చూస్తావేం, నీకు చెప్పలేదూ? చెప్పాననుకున్నానే. ఈమధ్య చెప్పినవి చెప్పలేదనీ, చెప్పనివి చెప్పేశాననీ అనిపిస్తోంది. పొయ్యి మీద పాలు మరిచిపోతే పోనీ, మాడిన వాసనైనా వచ్చి గుర్తుచేస్తుంది. మనుషుల్ని మరిచిపోతే వాసన కూడా రాదు. అందుకే చెబుతున్నా, విను. ఆట ఎలాగూ మొదలుపెట్టేట్టు లేరు, ఇంకా చెప్పుల్లేవ్, బూట్లేవీ అని వెతుక్కుంటున్నారు.

మా అత్తయ్య గురించి. మీ తాతయ్యకి అమ్మ. నువ్వు పుట్టడానికి చాలా ముందే పోయిందిలే. ఆవిడది లాండ్రీ. అదిగో, ఆ టైర్ల దుకాణం ఉందే, అక్కడ. ముందు గదిలో మామయ్య ఇస్త్రీ, మధ్య గదిలో మడతలూ కట్టలూ, వెనక వసారా అత్తయ్య రాజ్యం. బట్టలు ఉడకబెట్టే కాగు, సబ్బు తొట్టి, నీలిమందు తొట్టి, గంజి తొట్టి, ఉతుకుడు బండ. వసారా తలుపు తీస్తే ఎదురుగా ఈ గ్రౌండే. దీన్నిండా మా దండేలు. అత్తయ్య లెక్కలో ఇది బట్టలారేసుకునే చోటు, వారానికొకసారి పనీపాటా లేనివాళ్ళొచ్చి బంతి తంతారు. మామయ్య లెక్కలో ఇది ఫుట్‌బాల్ గ్రౌండు, వారం పొడుగునా ఎవరో ఒకావిడ దుప్పట్లు ఆరేస్తుంది. ఆ ఎవరో ఒకావిడతోనే కాపురం చేస్తున్నానని ఆదివారం పూట ఆయనకి గుర్తుండేది కాదు. నేను కోడలిగా వచ్చాక నా పనల్లా దుప్పటికి రెండో చివర పట్టుకోవడం. ఆవిడ కుడికి మెలిపెడితే నేను ఎడమకి మెలిపెట్టాలి. అదీ మా ఇద్దరికీ ఉన్న సంబంధం. ప్రేమా గీమా అని ఎప్పుడూ అనుకోలేదు గానీ, నీళ్ళు మాత్రం చుక్క లేకుండా పిండేవాళ్ళం.

ఆవిడకి ఒక్కటే గీర. మాటల గీర కాదు, నగల గీర కాదు. "నా చేతిలో పడ్డ మరక బతకదు" అనేది. సిరా, తుప్పు, రక్తం, మందుల డాగు, ఏదైనా సరే. "ఆరిపోయేలోపు పట్టుకోవాలే. ఆరిన మరకా, ముదిరిన అబద్ధమూ ఒకటే, ఇంక వదలవు" అనేది. ఆసుపత్రి దుప్పట్లన్నీ మా దగ్గరికే వచ్చేవి. అక్కడ పెద్ద నర్సు ఒకావిడుండేది, ఊరంతా సిస్టరమ్మ అనేవాళ్ళు. అబ్బో, ఆవిడ! దుప్పటి విప్పి, కిటికీ వెలుతురుకి ఎత్తిపట్టి, ముక్కు ఆనించి చూసేది. ఏదో ఒకటి దొరక్కపోతే ఆ పూట అన్నం సయించదు. "ఇదేంటి?" "నీడమ్మా." "మరి ఇది?" "మీ వేలమ్మా." "ఊఁ... పక్కవీధిలో మిషను లాండ్రీ పెట్టారు, విన్నావా? ఒక్కటంటే ఒక్క మరక కనబడనీ, మొత్తం బట్టలు అక్కడికే." మా అత్తయ్య తలవంచుకుని దుప్పట్లు మడతపెట్టేది. ఇంటికొచ్చాక మాత్రం ఆ కోపమంతా బండ మీద చూపించేది. బండ అరిగింది మరకల వల్ల కాదు, సిస్టరమ్మ వల్ల.

ఎక్కడున్నాను? ఆ, జట్టు. మామయ్య జట్టంటే ఏమనుకున్నావ్! సెలూన్ ఆయన ముందుండి గోళ్ళు కొట్టాలి. అంటే గోల్సు. బేకరీ ఆయన, బరువుకి, వెనక నిలబడాలి. మీ తాతయ్య పక్కన పరిగెత్తాలి. మిగతా వాళ్ళు ఎవరు ఖాళీగా ఉంటే వాళ్ళు. ఏడాది పొడుగునా ఒక్క ఆటైనా గెలిస్తే ఒట్టు. ఓడిపోవడం కూడా ఓ అలవాటే, పొద్దున్నే పళ్ళు తోముకున్నట్టు. ఆదివారం వెళ్ళి ఓడి, వచ్చి స్నానం చేసేవాళ్ళు. ఆ ఏడు ఆటల సంఘం వాళ్ళు కొత్త నిబంధన పెట్టారు. ఏడాది మొత్తమ్మీద ఒక్కటీ గెలవని జట్టు పేరు కొట్టేస్తారట. ఇది మునిసిపాలిటీ ఆటకని వదిలిన స్థలం కదా, జట్టు పోతే స్థలం లారీల షెడ్డుకిచ్చేస్తారట. మామయ్య వచ్చి ఏడవలేక చెబితే అత్తయ్య గంజి కలుపుతూ, "పీడా పోయింది, మోకాళ్ళకి కట్లు కట్టే పని తప్పింది" అంది. చెంచా తిప్పింది, తిప్పింది, ఆగింది. "షెడ్డంటే... మరి నా బట్టలెక్కడ ఆరేసుకోను?" అంది. అదిగో, ఆ క్షణం నుంచీ ఆవిడకి ఫుట్‌బాల్ అంటే ప్రాణం లేచొచ్చింది. అభిమానం కాదే, దండెం ప్రేమ. జట్టుంటే గ్రౌండు, గ్రౌండుంటే దండెం, దండెముంటే లాండ్రీ.

దానికితోడు వల లేకపోతే ఆట చెల్లదన్నారు సంఘం వాళ్ళు. వల ఎక్కణ్ణించి తెస్తాం? ఆసుపత్రి దుప్పట్లు నాలుగు తీసి, రెండు గోళ్ళకీ, ఛీ, మళ్ళీ అదే మాట, రెండు గోలు కర్రలకీ వెనక బట్టల క్లిప్పులతో బిగించింది మా అత్తయ్య. ఓ షరతు పెట్టింది. "మరక పడితే వెంటనే అక్కడే ఉతుకుతాను, ఆటవాళ్ళెవరూ అడ్డు రాకూడదు." ఎందుకంటే ఆ రోజుల్లో తోలు బంతి నీళ్ళు పీల్చకుండా ఆముదం పట్టించేవాళ్ళు. ఆముదం, దాని మీద బురద! తగిలిన చోట గుండ్రంగా అచ్చు పడేది. ఆరితే ఇంక ఎవడి తరమూ కాదు. అందుకని గోలు పక్కన సబ్బు నీళ్ళ బకెట్టు పెట్టుకుని, పీట వేసుకుని కూర్చునేది, యుద్ధంలో వైద్యురాలిలాగ. ఇక రిఫరీ ఎవరనుకున్నావ్, పోస్టాఫీసులో ఉత్తరాల మీద ముద్రలు కొట్టే ఆయన. సోడాబుడ్డి కళ్ళద్దాలు. దూరంనించి ఆయనకి బంతీ బేకరీ ఆయనా ఒకేలా కనిపించేవాళ్ళు. ఆ దుప్పట్లు చూసి ఆయన ప్రాణం కుదుటపడింది. "ఇహ గొడవే లేదు. ముద్ర పడితే గోలు, పడకపోతే లేదు. పోస్టాఫీసులోనూ ఇంతే" అన్నాడు. అప్పట్నించీ ఎవరైనా గోలు అని అరిస్తే ఈల ఊది, తాపీగా నడిచొచ్చి, దుప్పటికి ముక్కు ఆనించి, ముద్ర చూసి, తలాడించేవాడు. ఆయన తలాడించగానే అత్తయ్య సబ్బు తీసేది. చూశావా, సిస్టరమ్మా, ఈయనా ఒకేలా చూసేవాళ్ళు. ఒకావిడ మరక ఉంటే తిట్టేది, ఒకాయన లేకపోతే ఒప్పుకునేవాడు కాదు.

ఇంకోటి చెప్పడం మరిచాను. చూశావా, అసలుదే మరిచాను! చినుకు. చినుకు పడితే ఇక్కడ ఆట ఆగిపోయేది. వానకి కాదు, బట్టలకి. మా అత్తయ్య "చినుకూ!" అని ఒక్క కేక వేస్తే, ఆడేవాళ్ళూ, చూసేవాళ్ళూ, రిఫరీతో సహా, దండేల మీదికి పరిగెత్తి తలో నాలుగు దుప్పట్లు భుజాన వేసుకుని వసారాలో పడేసి రావాల్సిందే. అవతలి జట్టువాళ్ళు మొదట్లో నవ్వారు. ఒకసారి ఆవిడ చేత చాకిరేవు పెట్టించుకున్నాక వాళ్ళూ అలవాటుపడ్డారు. పెనాల్టీ కొట్టడానికి వెనక్కి వెళ్ళినవాడు వెళ్ళినట్టే తిరిగి దుప్పట్లు తియ్యడం నా కళ్ళతో చూశాను. బంతి అక్కడే కూర్చుని ఎదురుచూసింది పాపం.

సరే, ఆఖరి ఆట. మిల్లు జట్టుతో. వాళ్ళ చేతిలో ఓడనివాడు లేడు, మన చేతిలో ఓడినవాడు లేడు. వాళ్ళ కెప్టెను మెడలేని మనిషి, భుజాల మీద డైరెక్టుగా తల పెట్టేసినట్టుండేవాడు. ఊరంతా వచ్చింది, చావుకి వచ్చినట్టు. సిస్టరమ్మ కూడా గొడుగేసుకుని వచ్చింది, ఆట చూడ్డానికా? తన దుప్పట్లు గోళ్ళకి, అబ్బా, గోలు కర్రలకి కడుతున్నారని ఎవరో చేరవేశారు. రావడమే మా అత్తయ్య పీట వెనక నిలబడింది. ఏ దేవుడు చూశాడో గానీ ఆ రోజు మామయ్య చేతిగడియారం రిపేరుకిచ్చాడు. విప్పే పని లేక, బంతి వచ్చినప్పుడల్లా దూకాడు! ఆయనకే ఆశ్చర్యం. మావాళ్ళు కొట్టలేదు, వాళ్ళు కొట్టలేకపోయారు. ఆట అయిపోవస్తోంది. పైన మబ్బు కమ్మింది. సమానంగా ముగిస్తే కుదరదు, గెలవాలి. అప్పుడు బేకరీ ఆయన కళ్ళు మూసుకుని ఒక్క తన్ను తన్నాడు. అది పోయి సెలూన్ ఆయన వీపుకి తగిలింది. వీపుకి తగిలి, గాల్లోకి లేచి, మిల్లు కీపరు తల మీంచి... సరిగ్గా అప్పుడే మా అత్తయ్య ముక్కు మీద చినుకు పడింది. "చినుకూ!" అంది. బంతి దుప్పటికి తగిలిందీ, అందరూ దండేల మీదికి ఉరికిందీ ఒకేసారి. గోలు కొట్టిన సెలూన్ ఆయన కూడా, గోలా కాదా అని వెనక్కి చూడకుండా దుప్పట్లు తీస్తున్నాడు! రిఫరీ ఎనిమిదో పదో దిండు గలీబులు గుండెకి హత్తుకుని వసారా వైపు పరుగు. నేనూ పరిగెత్తబోతుంటే అత్తయ్య, "ఒసే, ఆ చివర పట్టుకోవే, ఆముదం మరక, ఆరిపోద్ది!" అంది. వానలో ఆరడమేంటని అడిగానా? అడగలేదు. చేతులు అలవాటుపడిపోయాయి. ఆవిడ క్లిప్పులు ఊడబెరికింది, బకెట్లో ముంచింది, సబ్బు పెట్టింది, రుద్దింది, జాడించింది, ఆవిడ కుడికీ నేను ఎడమకీ. అయిపోయింది. రిఫరీ తిరిగొచ్చి, తడి అద్దాలు తడి చొక్కాకి తుడుచుకుని, "ఏదమ్మా ముద్ర?" అన్నాడు.

మేమిద్దరం దుప్పటి పట్టుకుని నిలబడ్డాం. పాలలా ఉంది. చుట్టూ జనం మూగారు. సెలూన్ ఆయన మెల్లిగా అన్నాడు, "వదినా... గోలు ఉతికేశావా?" మిల్లు కెప్టెను నవ్వు మొదలుపెట్టాడు చూడు, మెడ లేదు కదా, ఒళ్ళంతా ఊగింది. "ముద్ర లేదు, గోలు లేదు. మీ నిబంధనే కదండీ!" రిఫరీ ఏడుపు మొహం పెట్టి, "నిబంధన నిబంధనే" అన్నాడు. మామయ్య గోలు దగ్గర బురదలో చతికిలబడ్డాడు. నేను అత్తయ్య వైపు చూశాను. ఆవిడ దండేల వైపు చూస్తోంది. ఖాళీ దండేలు, వానలో. అక్కడ లారీలు కనిపించాయేమో. తర్వాత వెనక్కి తిరిగి చూసింది. సిస్టరమ్మ, గొడుగు కింద, ముక్కు సిద్ధంగా పెట్టుకుని. మరక ఉందంటే గ్రౌండు దక్కుతుంది, బతుకంతా చెప్పుకున్న మాట పోతుంది, దాని వెనకే ఆసుపత్రి బట్టలూ పోతాయి. లేదంటే మాట దక్కుతుంది, ఆరేసుకోవడానికి చోటుండదు. దుప్పటి నా చేతిలో బిగిసింది. లాగింది నేను కాదు. అవతలి చివర. ఆవిడ దుప్పటి ఎత్తిపట్టింది. "ఇదిగో మరక" అంది. "వదల్లేదు. నా చేతికి లొంగలేదు."

రిఫరీ ముక్కు ఆనించాడు. పైకీ కిందికీ చూశాడు. "ఎక్కడమ్మా?" "అక్కడే, మీ ముక్కు కిందే. గుండ్రంగా లేదూ?" ఇంతలో మన మామయ్య, సత్యసంధుడు, బురదలోంచి లేచొచ్చి, "ఎక్కడే, శుభ్రంగా మల్లెపువ్వులా ఉతికేశావుగా!" అన్నాడు. "నువ్వూరుకోవయ్యా! ఏడాదంతా ఇంతలేసి బంతులే నీకు కనపడలేదు, మరకేం కనపడుతుంది!" అంది. మిల్లు కెప్టెను ఊరుకుంటాడా? "ఇది అన్యాయం, తెల్లదుప్పటి చూపించి మరకంటారేంటి?" అని గొంతు లేపాడు. అప్పుడు కదిలింది సిస్టరమ్మ. "జరగండి" అంది. జరిగారు. గొడుగు నా చేతికిచ్చింది. దుప్పటి వెలుతురుకి ఎత్తింది, ఆ మబ్బులో వెలుతురెక్కడిది, అయినా ఎత్తింది. చూసింది. చాలాసేపు చూసింది. మా అత్తయ్య ముఖంలోకి కూడా చూసింది. "ఛీ ఛీ! ఇంత మరకా!" అంది. "అరచెయ్యంత అచ్చు కనిపిస్తుంటే మీకు కళ్ళు లేవూ? ఈ దుప్పటి మా ఆసుపత్రికి పనికిరాదు, నువ్వే ఉంచుకో." మిల్లు కెప్టెను నోరు తెరిచాడు. ఆవిడ వాడివైపు తిరిగి, "ఏం బాబూ, నీకు కనపడలేదా?" అంది. వాడు నోరు మూశాడు. రేపు జ్వరమొస్తే ఆవిడ సూదికే కదా ఒళ్ళప్పగించాలి! "కనపడుతోందండీ" అన్నాడు. "పెద్దదేనండీ." రిఫరీ ఈల ఊదాడు. ఈలలోంచి నీళ్ళొచ్చాయి.

అలా గెలిచారు. ఇదిగో, నువ్వూ నేనూ కూర్చున్న ఈ గ్రౌండు అలా మిగిలింది. సిస్టరమ్మ దయతో అందా, పగతో అందా? ఏమో. మరుసటి వారం నుంచీ ఆసుపత్రి బట్టలు మిషను లాండ్రీకెళ్ళాయి, మాటంటే మాటే ఆవిడది. కానీ తన సొంత చీరలు మాత్రం చివరిదాకా మాకే వేసింది, వెలుతురుకి ఎత్తి చూడ్డం మానేసింది. మా అత్తయ్యకి అది తిట్టుకన్నా ఎక్కువైంది. "చూడవమ్మా, ఓసారి చూడు" అని మనసులో అనుకునేది, నాకు తెలుసు, పెదాలు కదిలేవి. ఊళ్ళో "మరకమ్మ" అని పేరు పెట్టారు, మర్యాదగానే, గెలిపించింది కదా. ఆ పేరుకి ఆవిడ పలికేది కూడా! ఒక్కసారైనా నిజం చెప్పలేదే. చెబితే గ్రౌండు పోదూ? పోయేముందు మంచంలో ఉండి, అందరూ అటూ ఇటూ వెళ్ళాక, నన్ను దగ్గరికి రమ్మంది. "ఆ చివర నువ్వే కదే పట్టుకుంది. చెప్పు. పోయిందా?" అంది. "అప్పుడే పోయిందత్తయ్యా. పాలలా ఉంది" అన్నాను. "నాకు తెలుసులే" అని గోడ వైపు తిరిగి పడుకుంది.

అదిగో, ఆట మొదలెట్టారు. సరే, అక్కడికి బాగానే ఉంది. చిక్కంతా ఇప్పుడొచ్చింది. ఆ రోజు ఇక్కడున్న ప్రతివాడూ ఆ మరక చూశానన్నాడు. మొదట్లో జాంకాయంత అన్నారు, తర్వాత కొబ్బరికాయంత. సెలూన్ ఆయనైతే అందులో బంతి కుట్లు కూడా కనిపించాయని గడ్డం గీస్తూ గీస్తూ చెప్పేవాడు, ఎంత మంది చెంపలు తెగాయో. విన్నాను, విన్నాను, ఎన్నేళ్ళు విన్నానని! మొన్నోరోజు మధ్యాహ్నం పడుకుని కళ్ళు మూసుకుంటే, ఆ దుప్పటి కనిపించింది. వాన, ఆవిడ చేతులు, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. మధ్యలో గుండ్రంగా... లేచి కూర్చున్నాను. వాళ్ళందరూ పోయారే. తెల్లగా ఉందని తెలిసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. నా బుర్రలోనే మరక పడితే ఇంక ఆవిడ పక్షాన ఎవరున్నారు? ఆరిన మరక వదలదని ఆవిడే అంది కదా. అందుకే ఇవాళ ఆటకి వస్తానని నీ వెంటపడ్డాను, ఆట కోసం కాదు. కాస్త లే. లేవవే, నువ్వు కూర్చున్నది ఆ దుప్పటే. తొక్కితే ఏం కాదులే, ఉతికినది ఆవిడ. ఇలా వెలుతురులోకి రా. నీ కళ్ళు మంచివి, నువ్వు చూడు. నన్నడక్కు, నేను చెప్పను. నేను రెండో చివర పట్టుకుంటాను. ఎత్తు, ఇంకాస్త. ఏమైనా... ఉండు. చెయ్యి మీద ఏదో పడింది. చినుకా? చినుకేనే! ఏమర్రా! ఓ పసుపు చొక్కాలూ! చినుకూ! చినుకు పడుతోందర్రా, బట్టలు తియ్యండి! ... చూడు, ఆట ఆపి ఒక్కడైనా ఇటొస్తున్నాడేమో.